బావ పెట్టిన పద్దెనిమిదో టికెట్

మా పెద్దబావ ఇరవై ఆరేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. ఆ అలవాటు ఇంటికీ తెచ్చుకున్నాడు. మందుసీసా మీది కాగితమైనా సరే, చేతికొస్తే జేబులోంచి ఎర్ర కలం తీయాల్సిందే. అచ్చాఫీసు మూతపడ్డాక, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో తప్పులు పట్టే మనిషి కావాలని తెలిసింది.

"ఇంట్లో ఊరికే తప్పులు పడుతున్నారుగా! అక్కడైతే జీతం కూడా ఇస్తారట, బయల్దేరండి," అంది అక్క.

తలుపుల తాళాలకు ప్రోగ్రాం రాసే ఆఫీసు అది. బయటినుంచి కార్డు చూపిస్తే, లోపలినుంచి మీట నొక్కితే తలుపు తెరుచుకోవాలి. లోపమేదైనా కనబడితే కంప్యూటర్‌లో టికెట్ పెట్టాలి: ఏం జరగాలి, ఏం జరిగింది, మళ్ళీ జరగాలంటే ఏమేం చెయ్యాలి, ఎవరు సరిచెయ్యాలి. టికెట్ లేకపోతే అది లోపమే కాదు. ఒకరు ముందే చెప్పినదైతే "తెలిసిందే" అని కొట్టేస్తారు. కొత్తవాడు నెల తిరిగేలోగా ఒక్క లోపమైనా ఒప్పించకపోతే ఇంటిదారి పట్టాలి.

బావ పదహారు పెట్టాడు. పదహారూ కొట్టేశారు.

గడువు ముగిసే రోజు కాగితాల కోసం సామాన్ల గదిలోకి వెళ్ళాడు. వెనక తలుపు మూసుకుంది. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బావ ఒళ్ళు పులకరించింది. తలుపు బాదితే, ముందు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి వచ్చి కార్డుతో తీసింది. పరుగున వెళ్ళి పదిహేడోది పెట్టాడు.

ప్రోగ్రాం రాసిన కుర్రాయన వచ్చాడు. "నా కంప్యూటర్‌లో బాగానే పనిచేస్తోందండీ."

"అయితే రండి, చూపిస్తాను."

ఇద్దరూ లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నారు. తెరుచుకోలేదు. కుర్రాయన మేనేజరుకు ఫోన్ చేశాడు. లోపం ఎంత పెద్దదో తేల్చాల్సింది ఆయనే. ఆయన కార్డుతో తలుపు తీసి, గడపలోనే నిలబడ్డాడు.

"అలా కాదు సార్," అన్నాడు బావ, ఆయన్ని మెల్లగా లోపలికి లాగి. "టికెట్‌లో నేను రాసిన మూడో మెట్టు చూడండి. తలుపు పూర్తిగా మూసుకోవాలి." తనే మూశాడు.

ఇప్పుడు ముగ్గురయ్యారు. మేనేజరు ముందు బల్ల అమ్మాయికి ఫోన్ చేశాడు.

"టికెట్ ఎవరి పేరు మీద ఉంది సార్?"

"కుర్రాడి పేరు మీద. అయితే ఏం?"

"నా పేరు మీద లేని పని ముట్టుకోవద్దని మీరే కదా సార్ అన్నారు."

"పొద్దున తీశావు కదమ్మా!"

"అప్పటికింకా టికెట్ లేదు సార్."

ఆ అమ్మాయి పేరుకు మార్చాలంటే మేనేజరు తన కంప్యూటర్ ముందు కూర్చోవాలి. అది బయట ఉంది.

గంట తర్వాత టీ ఇచ్చే ఆవిడ కార్డుతో తలుపు తీసి, అలవాటుగా బకెట్ అడ్డం పెట్టింది. "ముగ్గురూ ఇక్కడే ఉన్నారా? టీలు చల్లారిపోయాయి."

"బకెట్ ఎందుకు పెట్టావు?" అన్నాడు కుర్రాయన.

"లోపలినుంచి రాదుగా బాబూ. మూడు నెలలై ఇంతే. మీకు చెబితే టికెట్ పెట్టమన్నారు. నేనెక్కడ పెట్టను? తలుపులన్నిటికీ కార్డిచ్చారు గానీ, మీ కంప్యూటర్‌లో నా పేరే లేదాయె."

కుర్రాయన ముఖం వికసించింది. "అంటే తెలిసిందే!" అని పదిహేడోదీ కొట్టేశాడు.

సాయంత్రం అయిదవడానికి పది నిమిషాలుంది. అక్కకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ బావ తన సంచీ సర్దుకున్నాడు. ఎర్ర కలం లోపల వెయ్యబోయి ఆగాడు. మళ్ళీ కూర్చుని పద్దెనిమిదోది పెట్టాడు.

ఏం జరగాలి: చూసినవాళ్ళు చెబితే మనకు తెలియాలి. ఏం జరిగింది: టీ ఆవిడ చెప్పింది, మనకు తెలియలేదు. మళ్ళీ జరగాలంటే: ఒకటి, ఆవిడ చెబుతుంది. రెండు, మనం టికెట్ పెట్టమంటాం.

మేనేజరు రెండుసార్లు చదివాడు. ఎవరైనా ముందే చెప్పారేమోనని జాబితా అంతా వెతికించాడు. లేదు. నా కంప్యూటర్‌లో బాగానే ఉందని అనడానికి కుర్రాయనకూ వీల్లేకపోయింది. ఒప్పుకున్నారు.

బావ అక్కడ తొమ్మిదేళ్ళు చేశాడు. ఆఫీసులో అందరూ టికెట్లు పెట్టే ఏర్పాటు చెయ్యడమే ఆయన మొదటి పని. మొట్టమొదట టీ ఆవిడ పేరు ఎక్కించాడు. తలుపు ఆ వారంలోనే బాగయింది. ఆవిడ మాత్రం బకెట్ తియ్యలేదు. బకెట్ కాలికి తగులుతోందని మేనేజరు విసుక్కుంటే, "టికెట్ పెట్టండి సార్," అనేదట.