సగం సోల

ప్రయాణమంటే చాలు, ముందు రాత్రి నాకు నిద్ర పట్టదు. ఈసారి సంచిలో గింజలు కొలిచే ఇత్తడి సోల ఒకటి పెట్టుకుని మరీ బయలుదేరాను! నేను పనిచేసే హైదరాబాదు క్యాన్సర్ ఆసుపత్రిలో, రోగులకు డాక్టర్ల మీద నమ్మకం ఎంతుందో తెలుసుకునే పని నాకు అప్పగించారు. పూర్తిగానా, కొంతేనా, అసలు లేదా అని కాగితం పట్టుకుని అడిగితే అందరూ "మంచిగనే ఉన్నది" అని చేతులు జోడించేవారు. ఎంత నమ్మకముంటే అన్ని జొన్నలు సోలలో పొయ్యమంటేనో? ఇళ్లకు వెళ్లి అడుగుతానంటే మా పెద్ద డాక్టరు పగలబడి నవ్వారు. తరవాత నవ్వు ఆపి, "గద్వాలలో సాయమ్మను తప్పకుండా చూడు. రొమ్ములో గడ్డ తీసేశాం. రేడియేషన్ కరెంటు పెట్టాలి రమ్మంటే గడువు దాటినా రాలేదు. ఇంకా ఆలస్యమైతే చేసినదంతా నీళ్లపాలే" అన్నారు.

పొద్దున ఆరున్నర బస్సుకు కిటికీ పక్క సీటు దొరికింది. జడ్చర్లలో ఆగి ఉప్మా, టీ కానిచ్చి, పదకొండు దాటాక నాగర్‌కర్నూల్‌లో దిగాను. అక్కడ పెంటయ్య అనే రైతు, గొంతుకు వైద్యం చేయించుకున్నాయన, నా మాట పూర్తిగా వినకుండానే కొత్త జొన్నలు తెచ్చి "లాభం" అంటూ పోశాడు. ఆ వైపు కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. సోల నిండి, పైన శిఖరం లేచి, గింజలు నేల మీదికి జారాయి. నా సంతోషం పట్టశక్యం కాలేదు! ఆ గింజలన్నీ ఆయన నా సంచిలోనే కుమ్మరించాడు.

మూడింటి బస్సుకు వనపర్తి. బస్టాండు దగ్గర లాడ్జి శుభ్రంగా ఉంది, మంచంలో నల్లులు లేవు. ఆ దారిన వెళ్లేవారు నిశ్చింతగా దిగవచ్చు. వనపర్తిలో చూసిన ఇంట్లోనూ సోల పొర్లింది, నా సంచి ఇంకా బరువెక్కింది.

మర్నాడు ఎనిమిదింటికి గద్వాల బస్సెక్కుతుంటే కండక్టర్, "మేడం, జొన్నల బేరమా?" అన్నాడు. పక్కన కూర్చున్న ముసలావిడ సంగతంతా అడిగి తెలుసుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"సోల వట్టుకోని ఇంటికొస్తే సగం వోసి పంపుతరా బిడ్డా? కొలతల కొరత వెడితే ఇంట్ల కొరత వడ్తది. డాక్టరు మంచోడైనా కాకున్నా నిండుగనే పోస్తరు."

నా మొహం చిన్నబోయింది. రెండు ఊళ్లు తిరిగి నేను కొలిచింది పాలమూరు మర్యాదనన్నమాట! ఆ తరవాత నాకూ నవ్వాగలేదు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేసరికి ఉపాయం తట్టింది.

గద్వాలలో సాయమ్మ ఇల్లు వెతకనక్కర్లేదు, మగ్గం చప్పుడే చెప్పింది. గుంట మగ్గం మీద ఆమె భర్త నర్సింలు చీర నేస్తున్నాడు. ఆమె అరుగు మీద కండెలు చుడుతోంది. "ఈ గింజలు నాకు కాదమ్మా, మీ ఇంట్లోనే ఉంటాయి. డాక్టరు మీద నమ్మకం ఎంతో అంతే పొయ్యండి" అన్నాను. రోగం పేరు ఎత్తొద్దని నర్సింలు నాకు కళ్లతోనే సైగ చేస్తున్నాడు.

సాయమ్మ దోసిట్లో జొన్నలు తెచ్చి మెల్లగా పోసింది. సరిగ్గా సగానికి ఆపి, చేతులు దులుపుకుంది. నా గుండె ఎగిరి గంతేసింది. ఇన్నాళ్లకు ఒక నిజమైన జవాబు!

"ఆయన చెయ్యి మంచిది, గందుకే గీ సగం" అంది. "గని నన్ను బయట బల్ల మీద కూసోబెట్టి, తలుపేసుకోని మా ఆయనకు చెప్పిండు. రోగం నాకా, ఈయనకా? నాకు తెల్వదనుకుంటుండ్రు ఇద్దరు. నాకు చెప్పనోని దగ్గరికి నేనెట్ల పోత?"

మగ్గం ఆగిపోయింది. నర్సింలు తల వంచుకుని, "భయపడ్తదని జెప్పలే" అన్నాడు.

"రేపు పొద్దున రైలుకు నాతో రండి. తలుపు తీసి, మీ మొహం చూసి చెప్పమని ఆయన్ను నేనే అడుగుతాను" అన్నాను.

"నువ్వడిగితే ఇంటడా?"

"తెలియదమ్మా. అడగడం మాత్రం ఖాయం."

ఆమె సోలను దగ్గరికి జరుపుకుంది. "సోల ఈడనే ఉండనియ్యి" అంది, అంతే.

పొద్దున ఏడింటికే రైల్వే స్టేషన్‌కు చేరాను. బండి ఆలస్యం. వేడి మిరపకాయ బజ్జీలు కొన్నాను గానీ, చూపంతా గేటు మీదే ఉండి రుచి తెలియలేదు. బండి కూత వినిపించింది. వాళ్లు రాలేదు. పెట్టె మెట్టు మీద కాలు పెట్టానో లేదో, "బిడ్డా, ఆగు!" అన్న కేక. నర్సింలు చేతిలో ట్రంకుపెట్టె, వెనక సాయమ్మ, ఆమె చేతుల్లో మూతికి గుడ్డ వాసెన కట్టిన సోల! సిగ్గు విడిచి ప్లాట్‌ఫారం మీదే ఆమెను కౌగిలించుకున్నాను.

మళ్లీ కృష్ణ దాటుతుంటే పెట్టెలో వాళ్లంతా నదిలోకి పైసలు విసిరారు. సాయమ్మ మాత్రం ఒళ్లోని సోల వదల్లేదు. ఎన్నో ప్రయాణాలు చేశాను గానీ, ఇంత గర్వంగా, ఇంత భయంగా ఇంటికి తిరిగి రావడం ఎన్నడూ ఎరగను. జొన్నలు ఒలుకుతాయేమో, నన్ను పట్టుకోనివ్వమన్నాను.

"నీకెందుకు పరేషాన్? నేనే తీస్కపోత" అందామె, ముడి బిగిస్తూ. "తలుపు తీసి నాకే చెప్తే ఆయన ముందర మిగిలిన సగం పోస్త. మల్ల నన్ను బయట కూసోమంటే, గీ సగం గూడ ఎనుకకు తెచ్చుకుంట."