కంపెనోళ్ల ఫ్రిజ్

తాండూరుల మేం పోయే బారు సేటుకు ఒక్కటే మాట: "అది నాది గాదు, కంపెనోళ్లది." బోర్డు, కుర్చీలు, గ్లాసులు, ఫ్రిజ్, అన్నీ ఒక బీరు కంపెనీ ఇచ్చినవే. అందుకే ఇంకో కంపెనీ బీరు అడిగితే బీరు దొరకదు, ఆ మాటే దొరుకుతది.

ఒక ఎండకాలం, బారు ఊడ్చే కోట్‌పల్లి అవ్వ మనవరాలి షుగర్ సూదిమందు పట్టుకొచ్చింది.

"సేటూ, మా ఇంట్ల ఫ్రిజ్ లేదు. జర గీ మూలకు పెట్టుకుంట."

సేటు చల్లటి సీసా బుగ్గకు ఆనించుకొని నవ్విండు. "ఫ్రిజ్ కంపెనోళ్లది అవ్వా. వాళ్ల బీరు తప్ప ఇంకోటి పెడితే ఊకుంటరా?"

కింది అరల ఆయన పెరుగు గిన్నె ఉంది. అవ్వ దాన్ని చూసింది. మందును తడిగుడ్డల చుట్టుకొని పోయింది.

పోయిన నెల సేటు గుండె ఆగి చచ్చిపోయిండు. బిడ్డ బెంగళూరు నుంచి వచ్చేదాంక శవాన్ని ఫ్రీజర్ బాక్సుల పెట్టిండ్రు. అవ్వ వచ్చింది, దండ తేలే. బాక్సు అద్దం మీద చెయ్యి పెట్టి, సల్లగుందో లేదో చూసి, ఏడుస్తున్నోళ్లందరికీ వినబడేటట్టు అడిగింది:

"సేటును ఫ్రిజ్‌ల పెట్టిండ్రు గదా, కంపెనోళ్లను అడిగిండ్రా?"