డిప్పులో దించని దూడలు

నేను దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరేసరికి, ఆ దేశంలో అందరూ ఓటు వేసిన మొదటి ఎన్నికలు జరిగి రెండేళ్లయింది. ఒంగోలు దగ్గర పశువైద్యుడిగా ఉంటూ, పశువుల రక్తంలో చేరే పరాన్నజీవుల మీద కొంత పరిశోధన చేశాను. ఆ పనికే అక్కడి ప్రభుత్వ ల్యాబులో ఉద్యోగం దొరికింది. ఊళ్లోనే రెడ్‌హిల్ అనే పేటలో ఒక అద్దె ఇంట్లో దిగాను. వారానికి రెండు రోజులు మాత్రం తుగేలా నది అవతలి కొండ పల్లెల్లోనే గడిచేవి.

నాతో వచ్చే టెక్నీషియన్‌ది డర్బన్ పక్కనే మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫీనిక్స్. నాకంటే పెద్దది. ఆవిడ ముత్తాత చెరకు తోటల్లో పనికని విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లిషే. తెలుగు వరసల్లో, వంటల పేర్లలో, తిట్లలో మిగిలింది. తోటల పక్కన పెరిగింది కాబట్టి అక్కడివాళ్ల జూలూ భాష మాత్రం ధారాళంగా వచ్చు. మొదటి రోజే నన్ను తమ్ముడా అని పిలిచింది. నేనూ అక్కా అన్నాను. నాతో తిరుగుతూ మరిచిన తెలుగును మెల్లగా మళ్లీ కూడగట్టుకుంది.

ఆ పల్లెల్లో పశువులకు పెద్ద బెడద పిడుదులు. అవి కుట్టినప్పుడు ఒక సూక్ష్మజీవి రక్తంలో చేరి ఎర్రకణాలను పగలగొడుతుంది. మూత్రం ఎర్రగా వస్తుంది, కొద్ది రోజుల్లో పశువు పడిపోతుంది. అందుకే అక్కడ ఊరికొక డిప్పు ఉంటుంది. మందు కలిపిన నీళ్లతో నింపిన లోతైన సిమెంటు తొట్టి అది. పశువు ఒక చివర దూకి, ఈదుకుంటూ రెండో చివర గట్టెక్కుతుంది.

మేము వెళ్లే ఊళ్లో ఒక ముసలామె ఉండేది. భర్త పోయాక పదకొండు పశువులను తనే చూసుకునేది. అందరిలాగే మేమూ ఆమెను గోగో అనేవాళ్లం, అంటే అవ్వ. పెద్ద పశువులను వారం వారం డిప్పుకు తోలుకొచ్చేది కానీ దూడలను తెచ్చేది కాదు. ఎందుకని అక్క చేత అడిగిస్తే, చిన్నప్పుడు పిడుదు కుట్టని దూడ పెద్దయ్యాక తట్టుకోలేదని చెప్పింది. పాత ప్రభుత్వం రోజుల్లో దూడలను తేలేదనే పోలీసులు తన భర్తను పట్టుకుపోయారని కూడా చెప్పింది. నేను నోట్‌బుక్కులో 'స్థానిక నమ్మకం' అని రాసుకున్నాను.

ఆ ఏడాది మూడు పెయ్యదూడలున్నాయి. పరిశోధనకు నాకు అవి కావాలి. పుట్టినప్పటి నుంచి క్రమంగా డిప్పు చేస్తే ఎలా పెరుగుతాయో చూపించాలని నా ఆశ. మూడుసార్లు వెళ్లి నచ్చజెప్పాను. నాలుగోసారి ఆమె ఒప్పుకుంది. అక్క ఆ మాట నాకు చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది.

"నీ మాట నమ్మి కాదంట తమ్ముడా. ఇప్పుడుండేది వాళ్లు ఓటేసిన గవర్నమెంటు. దాని మనుషుల్ని ఎట్ల కాదనేది అంటుంది."

నాకు కావలసింది దూడలు. ఆ మాట గురించి అప్పుడు పెద్దగా ఆలోచించలేదు.

ఏడాదికి పైగా దూడలు నిగనిగలాడుతూ పెరిగాయి. చెవుల్లో ఒక్క పిడుదు లేదు. ఫొటోలు తీసుకున్నాను. ఆ తర్వాతి వేసవి వానలకు కొండ మీది మట్టి జారి డిప్పు గోడ పగిలింది. బాగుచేయడానికి నెలలు పట్టింది. ఈలోగా పిడుదులు మళ్లీ పట్టాయి. పెద్ద పశువులకు ఏమీ కాలేదు. మేము వెళ్లేసరికి ఒక పెయ్య చచ్చి పడి ఉంది. రెండోది నేను సూది వేస్తుండగానే పోయింది. మూడోది నిలబడింది. గోగో పోయిన పెయ్య మెడ మీద చెయ్యి వేసి పక్కనే కూర్చుంది.

ల్యాబుకు వచ్చి, దాచి ఉంచిన రక్త నమూనాలన్నీ తీసి పరీక్షించాను. పెద్ద పశువులన్నిటిలో ఆ జబ్బును చిన్నతనంలోనే ఎదిరించి గెలిచిన గుర్తులున్నాయి. మూడు పెయ్యల్లో ఏమీ లేవు. మొదటి నెలల్లో దూడకు సహజంగా ఒక రక్షణ ఉంటుంది. అప్పుడు పిడుదు కుడితే జబ్బు తేలిగ్గా వచ్చి పోయి, జీవితాంతం కాపాడుతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. కాలేజీలో పరీక్షకు రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఒక ముసలామె నోట జూలూలో విన్నప్పుడు గుర్తుపట్టలేకపోయాను.

నన్ను ఎవరూ తప్పు పట్టలేదు. గోడ పగలడం వల్ల నష్టం జరిగిందని రిపోర్టులో రాస్తే సరిపోయేది, అది అబద్ధం కూడా కాదు. అలాగే రాసి అక్కకు చూపించాను. చదివి కాగితం బల్ల మీద పెట్టేసింది.

"సిగ్గు లేదా నీకు? గోడదా తప్పు? పోయి అవ్వకి నువ్వే చెప్పాల. నేను జూలూలో చెప్తా, అంతే."

మర్నాడే వెళ్లాం. గోగో పశువుల దొడ్డి కంచెకు ముళ్ల కొమ్మలు కడుతోంది. పని ఆపలేదు. నేను చెప్పిందంతా అక్క వాక్యం వాక్యం చెప్పింది. మీరు ముందే చెప్పారు, నేను వినలేదు, నా వల్లే రెండు పెయ్యలు పోయాయి అన్నాను. ఆమె ఇంకో కొమ్మ కట్టింది. చివరికి కొమ్మ కింద పెట్టి ఒక్కటే అడిగింది. నువ్వు రాసే కాగితంలో, నేను చెప్పానని ఉంటుందా?

ఉంటుందన్నాను. రిపోర్టు మొదటి పేజీలోనే రాశాను. మా పైఅధికారి అది చివరి పేజీలో ఉంటే చాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎవరినైనా అలా ఎదిరించడం నాకదే మొదలు. వారం తర్వాత, ఆ పేజీ అలాగే ఉంచి సంతకం పెట్టాడు.

ఆ తర్వాత పరిశోధనే మారింది. ఏడాది లోపు దూడలను డిప్పుకు తేకుండా వదిలి, నెల నెలా చెవి నుంచి ఒక చుక్క రక్తం తీసి చూడటం మొదలుపెట్టాం. మిగతా ఇళ్లవాళ్లను ఒప్పించింది గోగోనే. తను ఒప్పుకునే ముందు మాత్రం మేము రోజూ చూసేదేమిటో తనకూ చూపించమంది. మైక్రోస్కోపును బక్కీ వెనక తలుపు మీద పెట్టి, ఎండ సరిగ్గా పడేలా అద్దం తిప్పి ఇచ్చాను. బక్కీ అంటే మా చిన్న ట్రక్కు. ఆమె ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. చచ్చిన పెయ్య రక్తమది. ఎర్రకణాల్లో జంట చుక్కల్లా పురుగులు.

తల ఎత్తి అక్కతో ఏదో అంది. ఇంత చిన్నవాటిని చూడగలిగినవాడు తన మాట ఎందుకు వినలేకపోయాడని అడిగిందట. అక్క నాకు చెప్పింది. నేను నోట్‌బుక్కు తీసి ఆ మాట అలాగే రాసుకున్నాను. గోగో దూడను పట్టుకురావడానికి దొడ్డిలోకి వెళ్లింది.