చంద్రుడి మీద దగ్గు

మద్రాసులో రేడియో స్టేషన్ పెట్టిన కొత్తలో, తాడేపల్లిగూడెం రైసుమిల్లు గుమాస్తాలం ఇద్దరం చంద్రమండలానికి బయలుదేరాం. అంటే నా స్నేహితుడు ఆ ప్రయాణం మీద అరగంట రేడియో నాటకం రాశాడు. చంద్రుడి మీద దిగే యాత్రికుడు వాడు. భూమి మీద కూచుని సలహాలిచ్చే పండితుణ్ణి నేను. ఒళ్లు వంచక్కర్లేని వేషం నాకే తగిలింది.

వాడి కోరిక ఒక్కటే. మండవల్లి దగ్గర చేపలు ఎండబెట్టుకునే వాళ్లమ్మగారు ఏలూరు వెళ్లి, ప్లీడరుగారి అరుగు మీద కూచుని, ఆయన రేడియో పెట్టెలోంచి కొడుకు గొంతు వినాలి.

"వినేవాళ్లు ఏదీ చూడరు గాని, ఏదీ మర్చిపోరు రా" అనేవాడు. అందుకని చప్పుళ్లకో నోటుపుస్తకం పెట్టాడు. వాహనం తలుపంటే రేకుపెట్టె మూత. రెండో రంగంలో కిర్రుమంటే నాలుగో రంగంలోనూ కిర్రుమనాలి. చంద్రుడి నేలంటే చాటలో పోసిన ఊక. దాంట్లో చేతులతో నడవాలి. యాత్రికుడికి ఎడమకాలు కుంటి గనుక ఎడమచెయ్యి ఈడ్చాలి.

"అక్కడ గాలే లేదు. నిజానికి ఏమీ వినపడకూడదు" అని ఓసారి దిగులుపడ్డాడు.

"అరగంట మౌనం పాటిస్తే ఎవరో పోయారనుకుంటార్రా" అన్నాను.

ఓ ఆదివారం మిల్లు గోడౌనులో రిహార్సలు చేస్తుంటే రెండో రంగంలో వాడికి దగ్గొచ్చింది. మిల్లులో ఎవరి దగ్గునూ ఎవరూ పట్టించుకోరు. అందరి గొంతులోనూ అదే దుమ్ము. వాడు మాత్రం రంగం పాడైందని తల పట్టుకున్నాడు.

"చంద్రుడి మీద దుమ్ముండదా ఏంటి? రాసెయ్" అన్నాను. "కాకపోతే ఒకసారి దగ్గినవాడు మధ్యలో మానకూడదు. చివరిదాకా దగ్గాలి."

నవ్వి రాసేశాడు. అక్కణ్ణుంచి ఎప్పుడు దగ్గినా నాటకంలో ఇమిడిపోయేది. "దినదినానికీ బాగా దగ్గుతున్నావు రా" అని మెచ్చుకున్నాను కూడా. తువ్వాలు మీద నెత్తురు కనిపించేదాకా డాక్టరు దగ్గరికి వెళ్లమని మా ఇద్దరికీ తోచలేదు. నాటకం తీసుకుంటామని స్టేషన్ వాళ్ల ఉత్తరం వచ్చేసరికి వాడు మంచం దిగలేకపోతున్నాడు.

"ఊక ఇక్కడిదే పట్టుకెళ్లు. వాళ్లు ఇసక ఇస్తామంటారు. ఒప్పుకోకు" అని పుస్తకం నా చేతిలో పెట్టాడు.

వాడు పోయిన నెలకి మద్రాసు రైలెక్కాను. మూటలో ఏముందని టిక్కెట్ కలెక్టరు అడిగాడు. "చంద్రుడండీ" అన్నాను. ఇద్దరం నవ్వలేదు.

పండితుడి మాటలు స్టేషన్‌లో ఆయనెవరో చదివారు. యాత్రికుణ్ణి నేనయ్యాను. ఎడమచెయ్యి ఈడ్చాను, రాసి ఉన్న ప్రతిచోటా దగ్గాను.

తిరిగొచ్చి మండవల్లి వెళ్లాను. వాళ్లమ్మగారు ఎండలో పరిచిన తడిక మీద చేపలు తిరగేస్తున్నారు.

"విన్నాను బాబూ. బాగా చెప్పావు" అన్నారు. ఇంకో చేప తిరగేసి, "దగ్గు మటుకు వాడిది కాదు. వాడు రెండు చిన్నవి దగ్గి ఆపుకునేవాడు, నాకు తెలియకూడదని. ఆ తర్వాత వచ్చేది పెద్దది."

పుస్తకం తీసి చూశాను. వాడి చేతిరాతే. రెండు చిన్నవి, ఆగాలి, ఒకటి పెద్దది. మద్రాసులో ఆ ముక్క నా కళ్ల ముందే ఉంది. గాభరాలో మూడూ ఒకే గుక్కలో దగ్గేశాను.

పక్కన కూచుని, ఆ వరసలో మిగిలిన చేపలు తిరగేశాను.