కుడిపక్క పేరు

మా జిల్లాలో మనుషులు తెలుగులో బతికేవాళ్లు, భూములు మాత్రం ఉర్దూలో ఉండేవి. ఏ పొలం ఎవరిది, దాన్ని ఎవరు దున్నుతున్నారు అని రాసే పాత పహాణీ పుస్తకాలన్నీ ఉర్దూలోనే. పైనుంచి మెమోలు ఇంగ్లీషులో వచ్చేవి. ఏటూరునాగారం వైపు పోతే కోయ భాష వినిపించేది. దానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తలో నర్సంపేట దగ్గర ఒక మండల ఆఫీసులో నేను గుమాస్తాను. పట్వారీలను తీసేశారు. వాళ్లు రాసుకున్న లెక్కలు చాలావరకు వాళ్లతోనే పోయాయి. మిగిలిన ఉర్దూ పహాణీలను తెలుగులోకి ఎత్తి రాయమన్నారు. ఆఫీసులో ఆ అక్షరాలు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. రెవెన్యూలో చేసి రిటైరైన ఒక గిర్దావర్ సాబ్ దగ్గర మూడు నెలలు చాయ్ తాగుతూ నేర్చుకున్నాను. ఆ మాత్రానికే నా అంత పండితుడు ఓరుగల్లులో లేడని నాకు గట్టి నమ్మకం.

పుస్తకంలో పక్కపక్కనే రెండు పేర్లుంటాయి. ఒకటి పట్టాదారు, అంటే భూమి గలాయన. రెండోది దున్నేవాడు. ఒక ఊరి పుస్తకంలో ఏ గడి ఎవరిదో చెప్పే మొదటి పేజీని చెదలు తిన్నాయి. నేను ఎడమ పేరును ఎడమన, కుడి పేరును కుడిన, ముత్యాల్లా దించాను. ఉర్దూ పుస్తకం కుడినుంచి మొదలవుతుంది కాబట్టి పట్టాదారు కుడిన ఉంటాడు. తెలుగు పుస్తకంలో ఎడమన ఉంటాడు. ఊరు ఊరంతా తిరగబడింది. చాలామందికి రెండు గడుల్లోనూ ఒకే పేరు కాబట్టి ఎవరికీ తెలియలేదు. దస్తూరీ బాగుందని ఎమ్మార్వో మెచ్చుకున్నాడు కూడా.

ఒకరోజు ఆ ఊరినుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. "సారూ, నా మొగడు వరంగల్ల మగ్గం పనికి పోతే, రెండెకరాలు మరిదే దున్నిండు. ఆయన సచ్చిపోయినంక గూడ దున్నుతాండు, సగం గింజలు పెడ్తాండు. ఇప్పుడేమొ పట్టా నాదే, సర్కారే రాసిందంటాండు. నాకు అదొక్కటే ఆధారం."

పాత పుస్తకం తీశాను. ఆమె భర్త పేరు కుడిన ఉంది. నేను చేసిన పని అప్పుడు తెలిసింది. రెండు రోజులు తేలుకుట్టిన దొంగలా కూర్చుని, మూడోరోజు ఎమ్మార్వోతో చెప్పాను. ఆయన తిట్టలేదు. సవరణకు పట్టాదారే అర్జీ పెట్టుకోవాలని రూలు చూపించాడు. రికార్డు ప్రకారం పట్టాదారు మరిది. అంటే భూమి నాది కాదని ఆయనే రాసివ్వాలి.

మరిది ఇంటికి వెళ్లి అడిగాను. ఆయన నాకు మంచం వేసి, మజ్జిగ ఇచ్చి, సర్కారు రాసినదాన్ని కాదనడానికి తానెవరని చాలా వినయంగా చెప్పాడు.

చివరికి గిర్దావర్ సాబ్ కాళ్లమీద పడ్డాను. ఆయన చాయ్ పూర్తిగా తాగి, పుస్తకం పట్టుకుని పద అన్నాడు. రికార్డు ఆఫీసు దాటించడం నేరం. తువ్వాలలో చుట్టి దాటించాను. మరిది వాకిట్లో కూర్చుని సాబ్ ఆ వరుసను ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో చదివాడు. తండ్రి పేరు, అన్న పేరు, తమ్ముడి పేరు. చివర్లో నేను ఎత్తకుండా వదిలేసిన ఒక మాట ఉంది, ఎందుకంటే తెలుగు ఫారంలో దానికి గడి లేదు. 'అన్న ఇష్టం మీద తమ్ముడు దున్నుచున్నాడు.'

మరిది పుస్తకం దగ్గరికి జరిగాడు.

"మా అన్న పేరు ఇంకోపారి సదువు సాబ్" అన్నాడు.

సాబ్ మళ్లీ చదివాడు. మరిది బొటనవేలు చాపాడు. నేను సిరా పూసి, రాసి తెచ్చిన అర్జీ మీద అద్దించాను.

సంగతి తెలిసి వచ్చి గడప దగ్గర నిలబడ్డ పెద్దమ్మ అప్పుడు దగ్గరికొచ్చి, ఆయన పేరు యాడుందో జర సూపియ్యి బిడ్డా అంది. నేను చెప్పేలోపే ఎడమపక్క పేరు మీద వేలు పెట్టి నిమిరింది. అది మరిది పేరు. ఆమె వేలు పట్టుకుని కుడిపక్కకు జరిపాను. ఆమె చేసిన తప్పే నేనూ చేశాను. ఆమెకు చదువు రాదు.