వేళ్లకు తెలిసిన అక్షరాలు

పాత కంప్యూటర్ ఏది వచ్చినా మెకానిక్ ముందు దాని డబ్బాకు చెవి ఆనించి ఫ్యాను చప్పుడు వింటాడు. తర్వాత తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒక్కొక్కటే ఎక్కించి, ఏది త్వరగా తెరుచుకుంటుందో చూస్తాడు. చిన్న అక్షరాలు కంటికి ఆనని ప్రూఫ్‌రీడరమ్మ తెచ్చిన దాంట్లో మూడోది ఇరవై సెకన్లలో తెరుచుకుంది. "చూశారా, ఎంత వేగమో!" అన్నాడు. ఆమె కీబోర్డు మీద రెండు మాటలు కొట్టి ఆగిపోయింది. "వేగం సరే నాయనా, తెలుగు అక్షరాలు పాత మీటల మీద లేవు. నేను చూసేది వేళ్లతోనే." అతను దాన్ని తీసేశాడు. సాయంత్రం దాకా కూర్చుని, ఆమెకు అలవాటైన అక్షరాల వరసే ఉన్న ఇంకొకటి ఎక్కించాడు. అది తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆమె టకటకా ఒక వాక్యం కొట్టి, తెర అతనివైపు తిప్పింది: 'మీ షాపు బోర్డు మీద మరమ్మత్తు అని ఉంది, మరమ్మతు అనాలి.' అతను బయటికెళ్లి బోర్డు వంక కాసేపు చూసి వచ్చాడు. "ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదండీ," అన్నాడు.