ఎండుచేపల కారు

నా కారు మీద నాకు ప్రేమ లేదు. మొదలే చెప్తున్న, తర్వాత ఎవ్వరూ మోసపోయినం అనొద్దు. దాని తలుపు రెండుసార్లు గుంజితేగని తెరుచుకోదు, కాలుతోని తంతేగని పడదు. ఎండకాలం లోపల కూచుంటె పెనం మీద కూచున్నట్టుంటది. వానకాలం నెత్తి మీదనే కారుతది. అయినా రోజూ అందులనే పోత. చంద్రపూర్ చుట్టుముట్టు ఇంకో బండి నన్ను ఎక్కించుకోదు గనుక పోత.

నేను ఎండుచేపలు అమ్ముత. ఎండురొయ్యలు, సావడాలు, బొంబిల్. ఇంట్ల పులుసు పెట్టుకొని గిన్నె నాకేటోళ్లే బస్సుల నా పక్కన సీటు ఖాళీ ఉన్నా నిలబడతరు. ఒక కండక్టరైతే నా గంపను సగం దారిల దించి, "మావశీ, వాసన దిగింది, ఇగ నువ్వు కూడ దిగుతవా, గంప లేకుంట టికెటు మీద వస్తవా" అని అడిగిండు. బస్సంత నవ్వింది. దిగిన. ఆ నవ్వినోళ్లల్ల ఇద్దరు నా గిరాకిదార్లే. మొఖాలు గుర్తు పెట్టుకున్న.

తర్వాత పదేండ్లు మా మరిది జీపుల పోయిన. ఆయన ఆ జీపు అమ్మి కొత్త బండి కొన్నడు. సీట్లకు ప్లాస్టిక్ కవర్లు కూడ తియ్యలే.

"వదినా, కొత్త బండి. వాసన పట్టిందంటె పోదు" అన్నడు.

"నీ పెండ్లిల వడ్డించిన అన్నం ఈ వాసనతోని వచ్చిందే. అది పోయిందా నీ కడుపుల నుంచి?" అన్న.

జీపు పోయింది. మా మాటలు కూడ పోయినయి.

అందుకని కారు. నాకు తోలవస్తది. నా పెనిమిటికి షుగరుతోని కండ్లు పోయినప్పుడు ఆయన చిన్న ట్రక్కు నేను తోలవలసి వచ్చింది. ట్రక్కు ఆయన మందులకే అమ్ముడుపోయింది, తోలుడు మిగిలింది. లైసెన్సు కావాల్నంటె కంప్యూటరు మీద పరీక్ష, దానికి చదువు. యాభై దాటినంక అంగన్‌వాడి గోడకు ఉన్న బొమ్మల కింద మరాఠి అక్షరాలు పట్టుకున్న. తెలుగు అక్షరాలు మాత్రం చేపలు పొట్లం కట్టే పేపర్ల మీదనే వచ్చినయి. సరుకు తెలంగాణ దిక్కు నుంచి రైలుల విరూర్ టేషన్ల దిగుతది, దాంతోని పాత తెలుగు పేపర్ల కట్టలు కూడ దిగుతయి. గిరాకి లేనప్పుడు చదివేది. చాన దినాలు నేను చదివిన వార్తలన్ని సగం చినిగినయే.

పద్మాపూర్ బొగ్గు గనుల దిక్కు ఒక గుత్తేదారు మున్షీ పాత కారు అమ్ముతుండని తెలిసి పోయిన. వ్యాను లెక్క డబ్బా కారు. ముందర ఇద్దరు కూచుంటరు, వెనుక సీట్లు తీసేస్తె ఆరు బస్తలు పడతయి. మున్షీ దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, మంచి గేదెను అమ్మినట్టు మాట్లాడిండు.

"మావశీ, దీన్ని సాబులు ఒక్కలే వాడిన్రు. ఇల్లు, ఆఫీసు. ఆఫీసు, ఇల్లు. అంతే."

నేను కాలి కింద మ్యాటు లేపిన. బొగ్గుపొడి పిండి లెక్క పరుచుకొని ఉన్నది.

"సాబు బొగ్గుల పండుకుంటుండెనా?" అన్న.

మీటరు ఎనభై వేలు చూపిస్తున్నది. తలుపు పక్కన ఇనుము మీద ఆయిలు మార్చినప్పుడు అంటించే కాగితం ఉన్నది, మసి పట్టి. వేలు తడి చేసి తుడిచిన. ఎప్పుడో ఆయిలు మార్చిననాడే రెండు లక్షల అరవై వేలు రాసి ఉన్నది.

"చదువొస్తదా మావశీ?" అన్నడు, గొంతు మారింది.

"ముసలితనంల వచ్చింది. నీ అసొంటోళ్ల కోసమే" అన్న.

ముసలి బండి అయితే నాకేం కోపం లేదు. నేను ముసలిదాన్నే. ముసలిదానికి రంగు పూసి పిల్ల అని చూపెడితె కోపం. ధర సగం చేపిచ్చిన. సరుకు టేషన్ల పడి ఉన్నది కాబట్టి కొన్న, నచ్చి కాదు.

దాన్ని బల్లార్‌పూర్ రోడ్డు మీద ఒక మిస్త్రీ దగ్గరికి తెచ్చిన. నలభై ఏండ్ల మనిషి, రాజురా దిక్కు తెలుగోడు, నన్ను పెద్దమ్మ అంటడు. వారం దినాలు కారును విప్పి పెట్టిండు. క్లచ్చి ప్లేట్లు మార్చిండు, రేడియేటరుకు మాట్లు ఏసిండు, బెల్టు మార్చిండు. కొత్త బ్యాటరీ ముందర సీటు వెనుకాల కింద పెట్టిండు. పని చేసినన్ని దినాలు నాతోని కొట్లాడుకుంటనే చేసిండు, నేను స్టూలు ఏసుకొని ఎదురుగనే కూచున్న గనుక.

"పెద్దమ్మా, నన్ను చూస్తున్నవా, కాపలా కాస్తున్నవా?"

"రెండూ."

కారు ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పిండు. "ఇంజన్ ఇంకో లక్ష నడుస్తది. కని నీ బస్తల కింద రబ్బరు పరువు, లేకుంటె టీను రేకు. ఉప్పునీళ్లు కారితే ఇనుము నిలవదు."

"ముప్పై ఏండ్ల నుంచి చేపలు అమ్ముతున్న. నా బస్తలు ఎండువి. నువ్వు స్పానర్లు పట్టుకో, నాకు సరుకు నేర్పకు" అన్న.

పరువలే.

ఎండకాలం కారు నడిచింది. రోజుకొక అంగడి. వానలు పడ్డంక రోగం మొదలైంది. లైట్లు ఎర్రగ, సన్నగ వెలిగేది. సెల్ఫ్ తిప్పితె ముసలోడు దగ్గినట్టు దగ్గి ఊకుండేది. మిస్త్రీ బ్యాటరీ చార్జింగు పెట్టిండు, మూడు దినాలు నడిచింది. మళ్ల పెట్టిండు, రెండు దినాలు. నా బుర్రల ఒకటే తిరిగింది: ఆ బ్యాటరీ కొత్తది ఎట్లయితది? తీసి అమ్ముకొని, పాతదానికి కొత్త స్టిక్కరు ఏసిండు. మున్షీ మీటరుతోని చేసిండు, ఈయన బ్యాటరీతోని చేసిండు. స్టూలు ఏసుకొని కూచున్నా చేసిండు.

పోయి అదే అన్న. చాయ్ హోటలాయన ఉన్నడు, పంక్చరాయన ఉన్నడు, బండ్లు తెచ్చినోళ్లు ఉన్నరు. అందరు వినాల్ననే అన్న.

"నా బ్యాటరీ మార్చినవ్. దొంగ చేతులు నీయి."

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నడు, నిదానంగ, ఒక్కొక్క వేలు.

"మా నాయిన కూడ ఈడనే మిస్త్రీ పని చేసిండు పెద్దమ్మా. ఎవ్వరూ ఈ మాట అనలే. కారు తీస్కపో. మళ్ల నా షెడ్డు ముందరి ఈ మోరి కాలువ దాటకు."

సెల్ఫ్ లేదు గద, కారును ఆయనే తోసి స్టార్ట్ చేయించిండు. నేను తోయమనలే. అద్దంల చూసిన, చేపలు ముట్టుకున్నోడి లెక్క నల్లా కింద చేతులు కడుక్కుంటున్నడు.

ఇప్పుడు కోఠారిల వారానికొకసారి పడే అంగడి సంగతి చెప్పాలె. నా వారం బేరంల సగానికెక్కువ ఆడనే. గోదాం గోడ మూలకు నా జాగ, పొద్దు నెత్తి మీదికి వచ్చేదాక నీడ ఉంటది. మా అత్త కూచున్న జాగ అది, తర్వాత నాది. అంగడిల కాగితాలు ఉండయి, ఒకటే కట్టుబాటు: వరుసగ మూడు అంగళ్లు నీ పరదా పడకపోతె జాగ పక్కనోళ్లది. ఖాళీ పరదా పరిచినా లెక్కకు రాదు, మీద సరుకు ఉండాలె.

మిస్త్రీని తిట్టినంక మొదటి అంగడి నాడు కారు బల్లార్‌పూర్ దాటినంక నడిరోడ్డు మీద సచ్చింది. రెండో అంగడి నాడు ఇంటి ముందరనే కదలలే, నలుగురు తోసినా. ఆటోవాళ్లు బస్తలు చూసి గేరు ఏసిన్రు. మరిదిని అడగలే. ఆ సాయంత్రం నా పక్కన ఎల్లిగడ్డ అమ్మే ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, ఒంట్ల మంచిగ ఉన్నదా? నీ జాగల కుక్కలు పండుకుంటున్నయి. నాకు బాధ అనిపించి నా ఎల్లిగడ్డ కొంచెం అటు జరిపిన."

"ఎంత కొంచెం?"

"అంతే, కొంచెమే అక్కా. గోడ దాక."

ఇద్దరు మిస్త్రీల దగ్గరికి పోయిన. ఒకడు తలుపు తెరిచి దస్తీ ముక్కుకు పెట్టుకొని, "మావశీ, ముందు కడిగిపిచ్చుకొని రా" అన్నడు. రెండోవాడు తలుపు కూడ తెరవలే. మూడో అంగడికి రెండు దినాలే ఉన్నది. కారును నీళ్ల ట్యాంకరు ట్రాక్టరుకు తాడుతోని కట్టిపిచ్చి ఆ మోరి కాడికే తెచ్చిన. దాటలే. ఇవతలనే నిలబడ్డ.

ఆయన స్కూటరు కింద పండుకొని పని చేస్తుండు. లేవలే.

"దేనికొచ్చినవ్?"

"కారు చూడు."

"దొంగ చేతులతోనా?"

చాయ్ హోటలాయన గిలాసలు కడుగుడు ఆపిండు. ఎంతసేపు నిలబడ్డనో తెల్వదు, ఎండకు కాళ్లు కాలినయి. ఆఖరికి ఆయన లేచి వచ్చి, నా దిక్కు చూడకుంట, ముక్కు మూసుకోకుంట, బస్తలు పెట్టే జాగల మ్యాటు గుంజిండు. మ్యాటుతోని కారు నేల కూడ లేచింది. వేగిన అప్పడం లెక్క పెచ్చులు పెచ్చులు. కింద రోడ్డు కనబడింది. బ్యాటరీ నుంచి బాడీకి పోయే ఎర్తు వైరు తెల్లగ, పచ్చగ బూజు పట్టి, పట్టుకుంటె చేతుల పొడి అయింది.

ఆయన బ్యాటరీ పైకి లేపిండు. తుడిచి, కంపెనీ బ్యాటరీ డబ్బా మీదనే అచ్చు కొట్టిన నంబరు చూపిచ్చిండు. బ్యాటరీ కొన్ననాడు ఆయనిచ్చిన రసీదు నా దగ్గర ఉన్నది, దాని మీద అదే నంబరు. చదువుకున్న. రెండుసార్లు చదువుకున్న.

తర్వాత ఆయన తుప్పు పెచ్చు ఒకటి విరిచి నా చేతుల పెట్టిండు.

"నాలుక మీద పెట్టు."

"ఎందుకు?"

"నీ సరుకు నీకు తెలుస్తదన్నవ్ గద. పెట్టు."

పెట్టిన. ఇనుము కంటె ముందు ఉప్పు తగిలింది. సావడాల ఉప్పు. వానకాలం గాలికి తడి పట్టి బస్తల నుంచి కారింది. ముప్పై ఏండ్లు అమ్మిన, నాకు తెలుస్తది.

ఉమ్మేసిన. చాయ్ హోటలాయన చూస్తుండు, పంక్చరాయన చూస్తుండు. ఆనాడు ఎంత గట్టిగ అన్ననో అంత గట్టిగనే అన్న.

"ఉప్పు నాది. బ్యాటరీ నాదే. ఈయన దొంగ గాదు."

ఆయన, "విన్న. ఇగ జరుగు, పని చెయ్యాలె" అన్నడు. పెద్దమ్మ అనలే. ఇప్పటిదాక మళ్ల అనలే.

రెండు దినాలు రేకు కోసి వెల్డింగు పెట్టిండు. కొత్త ఎర్తు వైరు ఏసి, బ్యాటరీని రబ్బరు డబ్బాల పెట్టిండు. బస్తల కింద అంచులు మడిచిన టీను పళ్లెం చేసిండు, నన్ను అడగకనే. నేను స్టూలు ఏసుకోలే. పని అయినంక ఎండురొయ్యలు ఒక పొట్లం ఇయ్యబోయిన. "మా ఇంట్ల తినరు" అన్నడు. తింటరు. ఆయన పెండ్లాం నా దగ్గరనే కొంటది.

మూడో అంగడి నాడు పొద్దుగాలనే కోఠారి చేరిన. దారి పొడుగూత వెనుక నుంచి టీను మోగుతనే ఉన్నది. ఎల్లిగడ్డ ఆమె అప్పటికే నా జాగ నిండ పరదా పరిచి, గోడకు ఒరిగి కూచున్నది, పుట్టినకాడి నుంచి ఆ నీడల్నే కూచున్నట్టు. కారును ఆమె పరదా అంచు దాక తెచ్చి ఆపిన. హారను మోగదు, మోగితె కొట్టేదాన్నే. దిగి, తలుపు తన్ని, మొదటి బస్త గుంజి ఆమె ఎల్లిగడ్డ కుప్ప పక్కన పడేసిన.

"అక్కా, నువ్వు ఇగ రావనుకున్న" అన్నది.

"వచ్చిన. జరుగు."

ఆమె కారు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. కుప్ప రెండు చేతులతోని కూడగట్టి ఒక బెత్తెడు జరిపింది. ఇంకో బస్త ఏసిన. ఇంకో బెత్తెడు జరిపింది. ఆరు బస్తలు దించినంక నా గోడ నాకు వచ్చింది, నీడ మాత్రం సగమే వచ్చింది. మిగిలిన సగం ఆమె ఇప్పటికీ ఇడుస్తలేదు. అందుకే ప్రతి అంగడికి ఆమె కంటె ముందు చేరాలె, అందుకే ఈ కారు నడవాలె.